మా అమ్మమ్మ గురించి నేను రాయొచ్చా?

ప్రశ్న: మా అమ్మమ్మ పోయిన జనవరిలో కన్నుమూసింది. ఒంగోలు దగ్గర పల్లె, బాప్టిస్టు సంఘం. వయసు ఎనభై ఆరు అంటారు గానీ ఎవరికీ సరిగ్గా తెలియదు. చిన్న వయసులోనే మా తాతయ్య పోతే మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరి పిల్లల్ని పెంచింది. రిటైరయ్యాక చివరిదాకా సంఘంలో స్త్రీల సమాజం పని చూసింది. తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన, శుక్రవారం ఉపవాసం, వంటకు బియ్యం తీసినప్పుడల్లా దేవుడి డబ్బాలో పిడికెడు.

వచ్చే జనవరిలో మొదటి జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు పంచడానికి ఆమె జీవితం చిన్న పుస్తకంగా వేయాలని పెదమామయ్య అనుకున్నాడు. ఇంట్లో తెలుగు బాగా రాసేది నేనేనని నాకు అప్పగించాడు. నేను చర్చికి వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాను, మావారు హిందువు. అమ్మమ్మ ఆ పెళ్లికి రాలేదు. తర్వాత మాట్లాడింది, ఇంటికి వెళ్తే ఇద్దరికీ అన్నం పెట్టింది. ఆయన్ని మాత్రం చివరిదాకా 'ఆ బాబు' అనే అంది.

మామయ్యకు సాక్ష్యం కావాలి, అంటే దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకోవడం. మా అమ్మకు చిన్నప్పుడు పాము కరిస్తే అమ్మమ్మ ప్రార్థనతోనే బతికిందని ముఖ్యంగా రాయాలట. అమ్మేమో 'బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు, సూదులు వేశారు' అంటుంది. మా ముత్తాతల తాత, ఒంగోలు మిషనరీ క్లౌ దొర చేతి కింద బాప్తిస్మం తీసుకున్నాడన్నది కూడా పెట్టాలట. రేషన్ కార్డులో అమ్మమ్మ పేరు సుబ్బమ్మ, సంఘంలో మార్తమ్మ. మొదటి పేరు ఎత్తొద్దని చినమామయ్య అంటున్నాడు. ఆమె బైబిల్ ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకో గొడవ. నమ్మకం లేని నేను రాస్తే నటించినట్టు ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. రాయనా, వద్దా?
— ఎస్., బెంగళూరు

సమాధానం:

ఎస్. గారూ,

రాయండి. మీరు చర్చికి వెళ్లరన్న సంగతీ, మీ పెళ్లి ఎలా జరిగిందన్న సంగతీ మీ పెదమామయ్యకు తెలుసు. తెలిసే మీకు అప్పగించారు. కాబట్టి మీరు ఎవర్నీ మోసం చేయడం లేదు. మీకు నమ్మకం ఉన్నట్టు రాస్తే అది నటన. 'మా అమ్మమ్మ ఇలా నమ్మింది, ఆ నమ్మకంతో ఈ పనులు చేసింది' అని రాస్తే అందులో నటన ఏముంది? అసలు కష్టం ఇంకో చోట ఉంది.

జ్ఞాపకార్థ కూడికల్లో పంచే పుస్తకాలు మీరూ చూసే ఉంటారు. అట్ట మీద ఫొటో, దాని కింద పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ. లోపల గొప్ప ప్రార్థనాపరురాలు, సేవకులను ఆదరించేవారు, పిల్లలను భయభక్తులతో పెంచారు, అనేకులకు దీవెనకరంగా జీవించారు. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఫొటో, పేరు మార్చి పక్క ఊరి మామ్మగారికి పెట్టినా ఒక్క వాక్యం దిద్దాల్సిన పని ఉండదు. అందుకే వచ్చినవాళ్లు దాన్ని భోజనాల దగ్గర కుర్చీలో వదిలేసి వెళ్తారు. మీ మామయ్య అడుగుతున్నది ఈ పుస్తకమేనని మీకు చిరాకు. ఆ చిరాకు న్యాయమైనదే.

మీలాంటివాళ్లు రాసే పుస్తకంలో ఇంకో రకం ప్రమాదం ఉంది. నాకు దాని గురించే ఎక్కువ భయం. నమ్మకం వదిలేసిన మనవళ్లు, మనవరాళ్లు భక్తురాలైన అవ్వ గురించి రాసేటప్పుడు ఆమె భక్తిని మెల్లగా పక్కకు తోసి, దాని స్థానంలో తమకు నచ్చే గుణాలు పెడతారు. నాలుగింటికి లేవడం క్రమశిక్షణ అవుతుంది. ఉపవాసం మనోబలం అవుతుంది. పిడికెడు బియ్యం సమాజసేవ అవుతుంది. చివరికి ఆమె 'తనకు తెలియకుండానే ఆధునికురాలు' అయిపోతుంది. మీ మామయ్య ఆమెను పరిశుద్ధురాలిని చేస్తే మీరు ఆమెను మంచి సిటిజన్‌ను చేస్తారు. రెండింటిలోనూ మార్తమ్మగారు ఉండరు. ఆమె నాలుగింటికి లేచింది దేవుడితో మాట్లాడటానికి. అవతల ఒకరు వింటున్నారని ఆమెకు సందేహం లేదు. మీకు ఆ సందేహం ఉండొచ్చు. ఆమెకు లేదన్నది మాత్రం ఆమె జీవితంలో అన్నిటికన్నా పెద్ద విషయం, దాన్ని చిన్నది చేయకండి. ఈ ఒక్కటి పట్టుకుంటే మీ మిగతా ప్రశ్నలకు దారి దొరుకుతుంది.

ఆ ప్రార్థన గురించే చూడండి. 'గొప్ప ప్రార్థనాపరురాలు' అని రాసే బదులు ఆమె ఎక్కడ కూర్చునేదో రాయండి. మోకాళ్లూనేదా, మోకాళ్లు నొప్పులొచ్చాక మంచం మీదే కూర్చుని చేసేదా? పైకి వినిపించేలా చేసేదా, గొణుక్కునేదా? మన ఊళ్లలో ముసలమ్మలు ప్రార్థనలో ఇంటిల్లిపాదినీ పేరు పేరునా తలుస్తారు. ఆ వరసలో ముందు ఎవరు వచ్చేవారు? తాగే కొడుకు పేరు దగ్గర ఎంతసేపు ఆగేది? గేదె ఈనడం, కోర్టు వాయిదా, కరెంటు బిల్లు ఇవన్నీ ప్రార్థనలోకి వచ్చేవా? ఆమె గదిలో పడుకున్న మనవలెవరో ఉంటారు, వాళ్లనడగండి. వాళ్లకు నిద్రలో విన్న మాటలు గుర్తుంటాయి. మీ ఆయన పేరు ఆ వరసలో ఉందా లేదా అని కూడా అడగాలనిపిస్తుంది మీకు. అడగండి. కానీ ఉందని తెలిస్తే దాన్ని పుస్తకానికి క్లైమాక్స్ చేయకండి, లేదని తెలిస్తే ఆమె మీద తీర్పు చేయకండి.

పిడికెడు బియ్యం గురించి కాస్త ఎక్కువే రాయండి. ఈ కాలం పిల్లలకు అదేమిటో తెలియదు. చేతిలో రొక్కం లేని ఆడవాళ్లు కానుక ఇవ్వడానికి సంఘాల్లో పుట్టిన పద్ధతి అది. వంటకు కొలిచిన బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి, అదనంగా కొలవకూడదు. అంటే ఆ పూట ఇంట్లో ఎవరో ఒక ముద్ద తక్కువ తినాలి, సాధారణంగా ఆ తినేది వండినావిడే. పోగైన బియ్యం స్త్రీల సమాజం చేతికి వెళ్తుంది. కొన్ని చోట్ల అమ్మి ఆ డబ్బు బైబిల్ స్త్రీ (ఇంటింటికీ వెళ్లి బైబిల్ చెప్పే ఆవిడ) జీతానికి, సువార్త పనికి వాడతారు, కొన్ని చోట్ల గడవని ఇంటికి ఇస్తారు. మీ ఊళ్లో ఏం చేసేవారో కనుక్కోండి. ఎవరు కొలిచేవారు, ఎప్పుడు, ఎవరికి వెళ్లేది? రేషన్ బియ్యం సగం నెలకే అయిపోయినప్పుడు ఆ డబ్బాలో చేయి పెట్టిందా? పెట్టి ఉంటే తర్వాత తిరిగి పోసిందా? ఇలాంటివి మీ పెద్దమ్మకో పిన్నికో తెలుస్తాయి, మామయ్యలకు తెలియకపోవచ్చు. వంటింట్లో జరిగింది కదా.

మీ ఉత్తరంలో నాకు లోటు అనిపించింది ఒకటి ఉంది. ఆమె ఆసుపత్రిలో అన్నేళ్లు ఆయాగా చేసిందని ఒక్క వాక్యంలో దాటేశారు. భక్తుల జీవితాలు రాసేవాళ్లంతా ఇదే చేస్తారు. ఆరాధన గురించి పది పేజీలు, ఉద్యోగం గురించి పావు పేజీ. ఆమె మెలకువగా ఉన్న గంటల్లో ఎక్కువ భాగం గడిచింది వార్డుల్లో. మిషన్ ఆసుపత్రుల్లో పొద్దున్నే ప్రార్థనతో పని మొదలయ్యేది. అది అవగానే రక్తం గుడ్డలు, బెడ్‌పాన్లు, స్నానాలు, పురిటి గది. ఆమెకు వారం సెలవు ఉండేదా, ఆదివారం డ్యూటీ పడితే ఆరాధనకు ఎలా వెళ్లేది? నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు కూడా నాలుగింటి ప్రార్థన ఉండేదా? జీతం ఎంత, కానుక ఎంత? అప్పటి నర్సులు ఎవరైనా బతికుంటే వెతికి పట్టుకోండి.

ఇక్కడే ఇంకో సంగతి. మీరు ఉత్తరంలో కులం మాట ఎత్తలేదు. రెండు పేర్ల దగ్గర నాకు అర్థమైంది. ఆ తరంలో దళితవాడ నుంచి వచ్చిన స్త్రీ ఊళ్లో పెద్ద కులాల వాకిట్లో దూరంగా నిలబడాలి, మంచినీళ్లు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. ఆసుపత్రిలో అదే ఇళ్ల పసిపాపలకు మొదటి స్నానం ఆమె చేతుల మీద. మీ అమ్మమ్మ విషయంలో ఇలా జరిగిందా, దాని గురించి ఆమె ఎప్పుడైనా ఏమైనా అందా, నవ్విందా, ఊరుకుందా? ఏమీ అనకపోతే అనలేదనే రాయండి. ఆమె నోట మీరు ఉపన్యాసం పెట్టొద్దు.

పేర్ల విషయానికి వద్దాం. మీ చినమామయ్య భయానికి కారణం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందూ మతం కాని మతం అవలంబించేవారు ఎస్సీలుగా లెక్కకు రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు, వాళ్ల సంతానం బీసీ-సి కిందికి వస్తారు. ఈ లెక్కల మధ్య, కాగితాల మీద హిందూ పేరుతో, సంఘంలో క్రైస్తవ పేరుతో బతికిన కుటుంబాల్లో పేరు అనేది ఎంత ఒత్తిడి మోసిందో వేరే చెప్పాలా? అయితే ప్రతి రెండో పేరు వెనకా సర్టిఫికెట్ కథే ఉండదు. ఇంట్లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు ఉండటం మామూలు సంగతి. కొన్నిసార్లు బడిలో అయ్యవారు తోచింది రాశారు, కొన్నిసార్లు కార్డు రాసినాయన రాశారు. ఆమెకు సుబ్బమ్మ పేరు ఎవరు పెట్టారు? మార్తమ్మ అయింది ఎప్పుడు? ఊరివాళ్లు ఏ పేరుతో పిలిచేవారు, ఆమె ఏ పేరుకు పలికేది?

నా అభిప్రాయం ఇదీ. రెండు పేర్లూ ఆమెవే, రెండూ రాసే హక్కు ఆమె జీవితానికి ఉంది. కానీ ఇప్పుడు బతికున్నవాళ్ల కులం, సర్టిఫికెట్లు, ఉద్యోగాలు ఆమె జీవితచరిత్రలో భాగం కావు. వాటి జోలికి వెళ్లకండి. చినమామయ్యతో విడిగా కూర్చుని, పేరు గురించి రాయదలచుకున్న రెండు మూడు వాక్యాలు చదివి వినిపించండి. ఆయన ఒప్పుకుంటే అచ్చు వేయండి. ఒప్పుకోకపోతే పంచే పుస్తకంలో మార్తమ్మగారనే ఉండనివ్వండి, ఇంట్లో దాచుకునే ప్రతిలో సుబ్బమ్మ సంగతంతా రాసుకోండి. అవును, రెండు ప్రతులు. దాని గురించి కింద చెప్తాను.

క్లౌ దొర సంగతి. 1876-78 ధాత కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని చూపించారు. కూటి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపారు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఒంగోలు ప్రాంతంలో చాలా క్రైస్తవ కుటుంబాలు తమ పెద్దలు ఆ రోజు ఆ నీళ్లలో ఉన్నారని చెప్పుకుంటాయి. మీ ఇంట్లోనూ ఆ మాట ఉంది కాబట్టి రాయండి. 'మా ఇంట్లో ఇలా చెప్పుకుంటారు' అని రాయండి చాలు. ఆ పెద్దాయన పేరు తెలిస్తే రాయండి. తెలియకపోతే ఆయన భార్య పేరు సంగతి ఇక అడగనే అక్కర్లేదు, చూశారా! 2,222 అన్న అంకె మనందరికీ నోటికి వచ్చు. ఆ రోజు నీళ్లలోకి దిగిన ఆడవాళ్లలో ఒక్కరి పేరు చెప్పమంటే తడుముకుంటాం. అంతకు ముందు 1854 జనవరి 1న మిషనరీ జూయెట్ దొర, దొరసాని ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసినప్పుడు వాళ్ల వెంట ఉన్న తెలుగువాళ్లలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలున్నారు. వాళ్లకు పేర్లయినా మిగిలాయి. అందుకే మిషన్ చరిత్రను మూడు పేజీలు పెట్టి, అమ్మమ్మను నాలుగో పేజీలో పుట్టించొద్దంటున్నాను. ఒక పేరా సరిపోతుంది. దొరల గురించి పుస్తకాలు ఉన్నాయి, ఆవిడ గురించి ఇదొక్కటే.

పాము కథలో మీకు మీ అమ్మకూ మామయ్యకూ మధ్య తీర్పు చెప్పాల్సిన అవసరం లేదు. ఎవరు ఏం చెప్పారో అలాగే రాయండి. 'సాయంత్రం పాము కరిచింది. బండి కట్టారు. దారి పొడుగునా అమ్మమ్మ ప్రార్థన చేస్తూనే ఉందని మామయ్య చెప్తాడు. ఆసుపత్రిలో సూదులు వేశారని అమ్మ చెప్తుంది. అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా దేవుడే బతికించాడు అనేది.' ఇందులో ఏ వాక్యమూ అబద్ధం కాదు. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి సూది అంటే ఏమిటో తెలియదా? బిడ్డను బండెక్కించింది ఆవిడే. సూది వేసిన చెయ్యి వెనక దేవుడు ఉన్నాడని అనుకుంది. ప్రార్థన, మందు ఒకదానికొకటి పోటీ అన్నది మీ మామయ్యకూ మీకూ ఉన్న గొడవ, ఆమెకు ఉన్నట్టు లేదు. మామయ్యకు ఇంకా ఘనంగా చెప్పాలని ఉంటే కూడికలో సాక్ష్యం చెప్పే సమయం ఉంటుంది. ఆయన నోటితో ఆయన చెప్పుకోవచ్చు. మీ కలంతో ఆయన సాక్ష్యం రాయించుకోకూడదు, అంతే. ఈ మాట ఆయనతో మర్యాదగా, ముందే చెప్పండి. ప్రెస్సుకు వెళ్లాక చెప్తే గొడవే.

ఇక మీ పెళ్లి. ఇది రాయాలా వద్దా అని మీరు నేరుగా అడగలేదు, కానీ ఉత్తరమంతా దాని చుట్టూనే ఉంది. సంఘం వాళ్లు, చుట్టాలు, ఊరివాళ్లు చదివే పుస్తకంలో ఆ లెక్క తేల్చుకోవద్దు. అలాగని దాచేయొద్దు కూడా. ఒక్క వాక్యం చాలు. 'నా పెళ్లి ఆమె నమ్మకానికి విరుద్ధం కాబట్టి ఆమె రాలేదు, తర్వాత మా ఇద్దరికీ అన్నం పెట్టింది.' ఈ వాక్యం అచ్చు వేసే ముందు మీవారికి చూపించండి. వద్దంటే తీసేయండి, ఎందుకంటే 'ఆ బాబు' అనిపించుకున్నది ఆయన. ఇంత గట్టి నమ్మకం ఉన్న మనిషి మెత్తగా మాత్రమే ఉంటుందని అనుకోకూడదు. ఏ నమ్మకం ఆమెను అన్నేళ్లు ఆసుపత్రి పనిలో నిలబెట్టిందో ఆ నమ్మకమే ఆ రోజు ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది. ఒకటి పెట్టి రెండోది తీసేస్తే ఆమె మీకు అర్థం కాదు. మీకు కోపం ఉంటే ఉండనివ్వండి. చనిపోయినవాళ్ల మీద కోపం ఉండకూడదని ఏ బైబిల్లోనూ లేదు. పూర్తి కథ, అంటే ఆ రోజు మీరు ఫోన్ చేశారా, ఆమె ఏమంది, మీ అమ్మ ఎటువైపు నిలబడింది, ఇదంతా ఇంటి ప్రతిలో రాయండి.

రెండు ప్రతులు అన్నది ఇందుకే. పంచేది పదహారు పేజీలు. ఇంట్లో ఉండేది ఎంతయినా, చేతిరాతయినా పర్వాలేదు. మొదట రెండోదే రాయండి, అందులోంచి మొదటిది తీయండి. తిరగేసి చేస్తే మామయ్యకు నచ్చే పుస్తకమే మిగులుతుంది.

తేదీలు దొరకవని బెంగ పడకండి. ఆ తరం సంవత్సరాలు చెప్పరు, సంఘటనలు చెప్తారు. 'ఉప్పెనప్పుడు చిన్నోడు చంకలో ఉన్నాడు' అంటే 1977 నవంబరు 19 దొరికినట్టే. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు అంటే 1953 అక్టోబరు, ఒంగోలు జిల్లా అయినప్పుడు అంటే 1970 ఫిబ్రవరి. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, తెలిసిన వయసులో తనే ఒప్పుకుని తీసుకోవాలి. కాబట్టి ఆమె బాప్తిస్మం ఆమెకు గుర్తుండే రోజు, ఎవరికో ఒకరికి చెప్పే ఉంటుంది. చెరువా, ఏరా, తొట్టా? అది చలికాలమా? పెళ్లి రికార్డు కోసం సంఘానికి వెళ్లండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి చేసిన పాస్టరు రిజిస్టరు రాయాలి. అందులో వధూవరుల పేర్లు, వయసు, వృత్తి, ఊరు, తండ్రుల పేర్లు, సంతకాలు ఉంటాయి. ఆమె పుట్టిన సంవత్సరానికి మీకు దొరికే పాత ఆధారం బహుశా అదే. అక్కడ సంతకం పెట్టిందా, వేలిముద్ర వేసిందా చూడండి. వేలిముద్ర అయితే బైబిల్ చదవడం ఎప్పుడు నేర్చుకుందన్నది మీరు కనుక్కోవాల్సిన కథ అవుతుంది.

క్రైస్తవులు కాని ఇరుగుపొరుగును తప్పకుండా కలవండి. సంఘం వాళ్లు ఆమె గురించి చెప్పేది దాదాపు ఒకటే ఉంటుంది. సంక్రాంతికి పక్కింటివాళ్లు పెట్టిన అరిసెలు తీసుకునేదా, ప్రసాదం ఇస్తే ఏం చేసేది, క్రిస్మస్‌కు ఎవరెవరి ఇళ్లకు పిండివంటలు పంపేది, వాళ్లింట్లో జబ్బు చేస్తే ప్రార్థన చేయమని పిలిచేవారా? ఇవి వాళ్లే చెప్పాలి. పాటల సంగతి కూడా మర్చిపోకండి. కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చై ఉంటాయి గానీ ఊళ్లో ముసలమ్మలు పాడే వరస వేరు. ఆమెతో కలిసి పాడిన స్త్రీల సమాజం వాళ్లను కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేయండి. ఇది మాత్రం రేపు మాపు అనొద్దు, వాళ్లూ పెద్దవాళ్లే.

బైబిల్ గొడవకు వద్దాం. అది ఎవరికి వెళ్లాలో తేలే ముందే దాన్ని ఒక రోజు అడిగి తెచ్చుకోండి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో అట్టతో సహా ప్రతి పేజీ ఫొటో తీయండి. ఎర్ర పెన్సిలు గీతలు, పక్కన రాసుకున్న తేదీలు, ఖాళీ కాగితం మీద పుట్టుకలు, చావులు, అన్నీ. పేజీల మధ్య మట్టల ఆదివారం నాటి ఎండిన ఆకు ముక్క, మందుల చీటీ, మనవడి పాస్‌పోర్టు ఫొటో లాంటివి ఉంటాయి. వాటిని తీసి సర్దకండి. ఏ పేజీలో ఏది ఉందో అలాగే ముందు ఫొటో తీయండి, ఎందుకంటే ఆమె ఆ ఫొటోను ఆ వచనం దగ్గర ఊరికే పెట్టి ఉండకపోవచ్చు. చిరిగిన చోట సెల్లో టేపు వేయొద్దు, అది కొన్నాళ్లకు పసుపెక్కి కాగితాన్ని పాడు చేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. ప్లాస్టిక్ కవర్లో చుడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి పొడి చోట పెట్టండి.

ఎవరికి ఇవ్వాలంటారా? తెరిచి చదివే మనిషికి. మీకు కావాలని ఉందని ఉత్తరంలో కనిపిస్తూనే ఉంది గానీ మీ దగ్గర అది షోకేసులో ఉంటుంది, పెదమామయ్య దగ్గర సంఘానికి చూపించే వస్తువవుతుంది. మీ అమ్మ రోజూ చదువుతారా? అయితే ఆవిడకు. మిగతావాళ్లందరికీ మీరు తీసిన ఫొటోల ప్రింట్లు బైండు చేయించి ఇవ్వండి. గొడవ పూర్తిగా పోతుందని చెప్పలేను, సగం తగ్గుతుంది.

రాసేటప్పుడు ఆమె మాటలు ఆమెవిగానే ఉంచండి. కృప, సాక్ష్యం, శోధన, దీవెన అన్న మాటలు మీకు ఇప్పుడు ఎబ్బెట్టుగా ఉన్నా వాటిని మార్చొద్దు, ఆమె వాటితోనే ఆలోచించింది. మీ సొంత వాక్యాల్లోకి మాత్రం అవి అరువు తెచ్చుకోకండి. 'ప్రభువునందు నిద్రించారు' అని అట్ట మీద వేస్తామంటే వేయనివ్వండి, ఆమె కోరుకునేది అదే. లోపల మీరు 'చనిపోయింది' అని రాసుకోవచ్చు. కూడికలో చదవమంటే ఒక పేజీ చదవండి. ప్రార్థన చేయమంటే మాత్రం చేయలేనని ముందే పాస్టరుగారికి చెప్పి ఉంచండి. ఆ క్షణంలో మైకు ముందు ఇబ్బంది పడే కన్నా అది నయం, ఆయన కూడా అర్థం చేసుకుంటారు.

చదివేవాళ్లలో ఎక్కువమంది ఆమె వయసువాళ్లు. అక్షరం పెద్దగా వేయించండి, పదహారు పాయింట్లకు తగ్గొద్దు. ప్రూఫు మీ అమ్మతో ఒకసారి, చినమామయ్యతో ఒకసారి చదివించండి. చుట్టాల పేర్లలో ఒక్క తప్పు పోయినా ఏళ్ల తరబడి అంటూనే ఉంటారు. నవంబరు మొదటి వారానికల్లా ప్రెస్సుకు ఇచ్చేయండి. డిసెంబరు వచ్చిందంటే ప్రెస్సులన్నీ సంఘాల కొత్త సంవత్సరం క్యాలెండర్ల మీద ఉంటాయి, మీ పదహారు పేజీలు పండగ దాటేదాకా ఎవరూ ముట్టుకోరు.